దొరకిన ధనము



1998లో సామ్ రైమీ అను దర్శకుడు తీసిన 'ఎ సింపుల్ ప్లాన్' అను ఆంగ్ల చిత్రకథను ఆలకింపుడు. అమెరికాలోని మిన్నెసోటాలో, మంచు కప్పిన అడవిలో కూలిన చిన్న విమానమున ముగ్గురికి 44 లక్షల డాలర్లు దొరకినవి. కొంతకాలము దాచి, ఎవరును అడుగనిచో పంచుకొందమనుకొనిరి. పంపకమునకు ముందే అనుమానము పుట్టినది, హత్యలు జరిగినవి. తుదకు ఒకడు తోడబుట్టినవానినే చంపవలసివచ్చెను. పిదప ఆ నోట్లలో కొన్నింటి సంఖ్యలు అధికారుల వద్ద కలవని తెలిసి, ఆ ధనమును తన చేతులతోనే కాల్చివేసెను.

యజమాని తెలియని సొమ్మును రాజు మూడేండ్లు భద్రపరుపవలెనని మనుస్మృతి విధించినది. అది పోగొట్టుకొన్నవానికి మేలు; దొరకినవానికి అంతకంటె మేలు. వారు పుట్టు దొంగలు కారు. "కొన్నాళ్లు దాచుదము" అన్న మాటయే వారిని చెరచినది. కావున పరుల సొమ్మును ఒక్క రాత్రియైనను ఇంట నిలుపకుడు.