మోటుపల్లి రేవు నుంచి మిర్చి యార్డు దాకా



పొరుగు దేశాలతో మన దేశం నడిపే స్నేహం గురించి, వ్యాపారం గురించి ఢిల్లీ వైపు నుంచి చూసి రాసిన పుస్తకాలు చాలా ఉన్నాయి. గుంటూరు, పల్నాడు, ప్రకాశం రేగడి చేలలో నిలబడి ఆ కథ రాసినవాళ్లు మాత్రం తెలుగులో అరుదు. ఈ లోటు గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

మోటుపల్లి రేవుతో మొదలుపెడతాను. అది ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఒక చిన్న ఊరు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం మనందరికీ తెలిసిందే. రాజుగారి దయకు గుర్తుగా దాన్ని చదివి వదిలేస్తుంటాం. నేను దాన్ని వాణిజ్య ఒప్పందంగా చదువుతాను. తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని ఆ శాసనం దాచకుండా ఒప్పుకుంటుంది. ఇకమీదట అలా జరగదనీ, ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటామనీ ప్రకటిస్తుంది. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు వంటి సరుకులకు దేనికెంతో కూడా చెబుతుంది. దూరదేశపు వర్తకుడు లంగరు వేయకముందే తాను కట్టాల్సింది లెక్క చూసుకోగలిగాడు. కాకతీయ రాజ్యం పోయాక అదే రేవులో రెడ్డిరాజు అనపోతరెడ్డి 1358లో మళ్లీ శాసనం వేయించి వర్తకులకు మాట ఇచ్చాడు. రాజవంశం మారినా మాట మారలేదు. ఆ రెండు శాసనాల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే. ఈ తీరపు నూలుబట్టల సన్నదనాన్ని మార్కో పోలో అంతగా మెచ్చుకున్నాడంటే, శ్రీనాథుడి హరవిలాసాన్ని కృతి పొందినవాడు అవచి తిప్పయసెట్టి అనే సముద్ర వ్యాపారి అయ్యాడంటే, వెనక ఆ భరోసా ఉంది.

ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డుకు వద్దాం. పోర్చుగీసు ఓడల వెంట అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కాయే ఇవాళ గుంటూరుకు పేరు. ఘాటు ఎక్కువ గల తేజ రకానికి చైనా పెద్ద కొనుగోలుదారు. బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్ కూడా మన దగ్గర కొంటాయి. గల్వాన్‌లో రక్తం చిందిన 2020లో కూడా చైనాకు మన మిర్చి వెళ్లడం ఆగిపోలేదు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో లారీలు కదలక బంగ్లాదేశ్‌కు పోవలసిన సరుకు నిలిచిపోయింది. గూడ్సు రైలుకైతే ఒకేసారి 1,500 టన్నులు నింపాలి. చిన్న వ్యాపారులకు అంత సరుకు ఎక్కడిది? అప్పుడు రైల్వేవారు గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి సరిహద్దు దాటించి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు ప్రత్యేక పార్సిల్ రైలు నడిపారు. రోడ్డు మీద టన్నుకు రూ.7,000 అయ్యే కిరాయి రూ.4,608కి దిగింది. రెండు దేశాల స్నేహం మిర్చి టిక్కీ (బస్తా) బరువులో, కిరాయి రసీదులో కనిపించిన సందర్భమది. దాని మీద మన విశ్వవిద్యాలయాల్లో వివరమైన అధ్యయనం జరగాలి.

ఆ స్నేహం చెడినప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలింది. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ భూమార్గాన మన నూలు దిగుమతి ఆపింది. మే నెలలో మన దేశం అక్కడి రెడీమేడ్ దుస్తులు భూమార్గాన రాకుండా కట్టడి చేసింది. ఇక సుంకం సంగతి: ఆగస్టులో మన ప్రభుత్వం విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని కొంతకాలానికి ఎత్తివేసింది. మిల్లులకు అది ఊరట కావచ్చు; పత్తి తీతకు కూలీలను మాట్లాడుకుంటున్న రైతును మాత్రం ఎవరూ అడగలేదు. అంతకుముందే, ఆ ఏడాది మొదట్లో మిర్చి ధర పడిపోయింది. ఎగుమతి గిరాకీ తగ్గింది, కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు పేరుకుంది. కేంద్రం ఫిబ్రవరిలో క్వింటాలుకు రూ.11,781 లెక్కన మార్కెట్ జోక్య పథకం ప్రకటించేసరికి చాలామంది కాయ అమ్మేసుకున్నారు. కోతకూలి, కౌలు, మందుల బాకీ ఆగవు కదా!

సరిహద్దు దాటి వచ్చేది వ్యాపారం ఒక్కటే కాదు. 2021లో మన మిరప పూతను ఊడ్చేసిన నల్ల తామరపురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. చేలకు చేలు దున్నేశారు. ఇండోనేషియా శాస్త్రవేత్తలకు ఆ పురుగు మనకన్నా ముందే తెలుసు. వారికీ గుంటూరు దగ్గరున్న మన లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రానికీ నిత్యం రాకపోకలు ఉండి ఉంటే ఆ నష్టం కొంతైనా తగ్గేదని నా నమ్మకం. దౌత్యమంటే ఇదీ దౌత్యమే.

అందుకే నేను కోరేది ఒకటి. పొరుగు దేశాలతో సుంకాలు, దారులు మార్చే నిర్ణయం విత్తనం వేయకముందే రైతుకు తెలియాలి. మధ్యలో మార్చక తప్పకపోతే ఆ నష్టం ప్రభుత్వం భరించాలి. పెద్ద దేశం చిన్న పొరుగువారి పట్ల కోపం చూపినప్పుడు ఆ దెబ్బ మొదట తగిలేది మన చేలకే.

మిత్రులారా, కమీషన్ దుకాణాల పాత చిట్టాలు, ఎగుమతిదారుల ఉత్తరాలు, జిన్నింగ్ మిల్లుల లెక్కలు చెదలపాలు కాకముందే సేకరించాలి. ముఠా కూలీలు, కాటా గుమస్తాలు, కోతకు వలస వచ్చే ఆడవాళ్లు చెప్పేది రికార్డు చేయాలి. శాసనాలు చదివేవారూ, ఆర్థికశాస్త్రం వారూ ఒకే బల్ల దగ్గర కూర్చోవలసిన పని ఇది. ఈ సదస్సులోనే అందుకొక సంఘాన్ని ఏర్పాటు చేద్దామని అధ్యక్షుడిగా ప్రతిపాదిస్తున్నాను. మీ ఆమోదం కోరుతున్నాను.