వంటింటి చార్జి అప్పగింత

(ఖుర్దా రోడ్డులో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



యీ సభలో ఏటేటా పండితులు పంచాంగశ్రవణం చేస్తారు, కవులు పద్యాలు చదువుతారు. అటువంటి వేదిక మీద ఒక రైల్వే గుమాస్తా లేచి వంటను గూర్చి మాట్లాడడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని యీ ఉదయం మనమందరం తిన్న వేపపువ్వు పచ్చడిని ఒక్కసారి తలచుకోండి. కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడి పిందె, వేపపువ్వు, ఉప్పు, కారం - వీటిని ఏ పాళ్ళలో కలపాలో ఏ యిల్లాలూ పుట్టుకతో తెలుసుకొని రాలేదు. ఎవరో ఒకరు ఆమెకు నేర్పారు. అట్లా నేర్పినవారిని గూర్చి, యికమీదట నేర్పవలసిన వారిని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా ఆఫీసులో ఒక ఆచారం వున్నది. బదిలీ అయిన ఉద్యోగి తరువాత వచ్చేవానికి చార్జి అప్పగించాలి. ఫైళ్ళు యెన్ని, రిజిష్టర్లు యెన్ని, బీరువా తాళాలు యెన్ని, జవాబు రాయవలసిన కాగితాలు యెన్ని - అన్నిటికీ పట్టీ రాసి, యిద్దరూ సంతకాలు పెట్టాలి. పట్టీలోకి ఎక్కని సంగతులు కూడా కొన్ని వుంటాయి. మంచి సీనియరైతే కొత్తవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని ఆ సంగతులు కూడా చెబుతాడు. అంత మనసు లేనివాడు తాళాలు బల్ల మీద పెట్టి బండి యెక్కుతాడు.

యిక వంటింటిని చూడండి. నలభై యాభై సంవత్సరాలు ఒకే చోట, సెలవు లేకుండా పనిచేసిన తల్లి ఒకనాడు కన్నుమూస్తుంది. పట్టీ లేదు, సంతకం లేదు. ఆమెతోపాటు ఆమె చేతిలోని విద్య కూడా పోతుంది. మన కాలనీలోనే ఒక పెద్దావిడ వుండేవారు. ఆమె బెల్లం ఆవకాయ జాడీలో రెండేళ్ళున్నా రంగు మారేది కాదు. వేసవి వస్తే అన్ని యిళ్ళకూ చిన్న చిన్న సీసాలలో పంపేవారు. అంతటి ధర్మాత్మురాలు. కాని ఎట్లా పెట్టేదీ ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. ఆమె పోయిన వేసవిలో కోడళ్ళిద్దరూ పెట్టిన జాడీ నెల తిరగకుండా బూజు పట్టింది. ఆ యింట పచ్చడి కోసం ఏడ్చినవారు లేరు గాని, ఆ జాడీ మూత తీసినప్పుడు మాత్రం అందరి కళ్ళూ చెమర్చాయి. పెట్టడం దానమే. నేర్పడం అంతకంటె పెద్ద దానం. సీసా పచ్చడి ఏడాదికి అయిపోతుంది, నేర్పిన విద్య మూడు తరాలు నిలుస్తుంది.

స్వస్థలంలో వున్నవారికి యీ బాధ అంతగా తెలియదు. అక్కడ అత్త చెప్పకపోతే పక్కింటి పిన్ని చెబుతుంది. మన సంగతి వేరు. 1890ల్లో యీ తూర్పుతీరపు రైలుమార్గం పడిన నాటినుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి మనవాళ్ళు పనికోసం యీ వైపు వస్తూనే వున్నారు. యిప్పుడు మన పిల్లలు ఒడియాలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో చదువుకొంటున్నారు. యింట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం చాలామందికి రాదు. అటువంటి యిళ్ళలో తెలుగుతనం నిలిచివున్న చోట్లు రెండే: ఒకటి నాలుక మీది మాట, రెండవది నాలుక మీది రుచి. రెండవది పోతే మొదటిది కూడా కొంత పోతుంది. పప్పుగుత్తి పోయిన యింట్లో పప్పుగుత్తి అనే మాట మాత్రం ఎన్నాళ్ళుంటుంది?

నేర్పడమంటే ఏమిటి? "కాస్త ఉప్పు, తగినంత కారం, చూసుకొని నూనె" అంటే అది నేర్పడం కాదు. చేయి తిరిగినవారికి ఆ "కాస్త" ఎంతో తెలుసు. వినేవారికి తెలియదు. ఆవకాయనే తీసుకోండి. మా యింటి లెక్క చెబుతాను. తుడిచి ఆరబెట్టిన కిలో ముక్కలకు ఆవపిండి 200 గ్రాములు, కారం 200 గ్రాములు, ఉప్పు 200 గ్రాములు, నువ్వుల నూనె 400 గ్రాములకు తగ్గకుండా, పిడికెడు మెంతులు. మూడవనాడు తిరగగలిపి, నూనె పైకి తేలకపోతే మరికొంత పోయాలి.

యీ లెక్క చెప్పినంత మాత్రాన కూడా సరిపోదు, ఎందుకో చెప్పాలి. ఉప్పు కాయలోని నీటిని లాగుతుంది, పులుపుతో కలిసి పచ్చడిని చెడనివ్వదు. పైన తేలే నూనె గాలి తగలనివ్వదు. ముక్కమీద తడి వున్నా, గరిటెకు తడి వున్నా బూజు ఖాయం. పక్కనే నిలబడి "ఆగమ్మా, ఆ గరిటె తుడువు" అనే మనిషి వుంటేనే యీ సంగతి మనసుకు పడుతుంది.

మరొక చిక్కు వున్నది. మన అమ్మమ్మలు గిద్దెతోనో, గిన్నెతోనో కొలిచేవారు. వారి ఉప్పు రాళ్ళ ఉప్పు, దంచినా కాస్త బరకగానే వుండేది. యిప్పటి ప్యాకెట్టు ఉప్పు మెత్తన. అదే గిన్నెతో మెత్తటి ఉప్పు కొలిస్తే తూకం ఎక్కువ వస్తుంది, పచ్చడి ఉప్పు కషాయమవుతుంది. అప్పుడు కోడలు "అత్తయ్య కావాలనే తప్పు చెప్పింది" అనుకొంటుంది, అత్త "దీనికి చేయి రాదు" అనుకొంటుంది. తప్పు యిద్దరిదీ కాదు, గిన్నెది! గనుక పెద్దవాళ్ళు గిన్నెతో వేస్తూవుంటే, పక్కన కూర్చున్న పిల్లలు ఆ గిన్నెను ఒకసారి త్రాసులో పెట్టి రాసుకోవాలి. నేర్చుకొనేవారి పని కూడా కొంత వుంటుందని చెప్పడానికే యిది.

యిట్లా విడమరచి చెప్పిన మహాతల్లులు మనదేశంలో లేకపోలేదు. మద్రాసులో ఎస్. మీనాక్షి అమ్మాళ్ అనే తమిళ యిల్లాలు చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకొన్నది. ఆమె చేతివంట పేరుపొందింది. పెళ్ళిళ్ళై దూరదేశాలు వెళ్ళిన బంధువుల ఆడపిల్లలు అది ఎట్లా, యిది ఎట్లా అని ఉత్తరాలు రాసేవారట. ఒక్కొక్కరికి జవాబు రాసే బదులు ఆమె 1951లో "సమైత్తుప్పార్" అనే పుస్తకం అచ్చువేసింది. వండి చూడు అని దాని అర్థం. కొత్త పెళ్ళికూతురి సారెలో ఆ పుస్తకం పెట్టడం తమిళదేశంలో ఆచారమైపోయింది. అది తెలుగులోకి కూడా వచ్చింది. దాని పుట్టుక చూడండి: ఊరు విడిచి వెళ్ళిన పిల్లల బెంగలోనుంచి పుట్టింది. మనవంటివారి కోసమే పుట్టిందన్నమాట.

మనలో మాలతీ చందూర్‌గారిని ఎరగనివారు తక్కువ. నూజివీడులో పుట్టి, మద్రాసులో స్థిరపడిన ఆమె మనవలెనే ప్రవాసాంధ్రురాలు. ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" శీర్షికన 1952 మొదలుకొని నాలుగు దశాబ్దాలకు పైగా స్త్రీల ప్రశ్నలకు ఓపికతో జవాబులు చెప్పారు. ఆమె "వంటలు-పిండివంటలు" ఎన్నిసార్లో పునర్ముద్రణ పొందింది. 1992లో నవలకు సాహిత్య అకాడమీ బహుమానం అందుకొన్న రచయిత్రి, పెరుగువడ ఎట్లా చేయాలో చెప్పడం తన గౌరవానికి తక్కువ అనుకోలేదు. ఆమె 2013లో కన్నుమూశారు. ఆ పుస్తకం యింకా వంటిళ్ళలో నూనెమరకలతో బ్రతికివున్నది.

మూడవ ఉదాహరణ మనకు మరీ దగ్గరది. రైల్వే కార్మికోద్యమానికి నాయకుడై, తరువాత 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా వున్న వి. వి. గిరిగారు యీ ఒడిశాలోని బరంపురంలోనే 1894లో పుట్టారు. వారి పెద్దకుమార్తె సుభద్రా కృష్ణారావు పరిగిగారు. ఆమెను అందరూ "పెదత్త" అనేవారు. జిజ్ఞాసా గిరి, ప్రతిభా జైన్ అనే యిద్దరు స్త్రీలు ఆ వృద్ధురాలి పక్కన నిలబడి ఆంధ్రుల శాకాహార వంటలన్నీ నేర్చుకొని, 2006లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. దానికి అంతర్జాతీయ బహుమానం కూడా లభించింది. ఆ పుస్తకం అట్టమీద నేర్చుకొన్నవారి గొప్ప కాదు, నేర్పిన పెదత్త పేరే వున్నది. గురుదక్షిణ అంటే అదీ!

చదువు రానివారికి పుస్తకం ఎట్లా అంటారేమో. గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతపు మస్తానమ్మగారిని తలచుకోండి. నూరేళ్ళు దాటిన ఆ పల్లెటూరి అవ్వ పొలంగట్టున కట్టెలపొయ్యి మీద వండుతూవుంటే మునిమనమడు 2016 నుంచి కెమేరాతో తీసి లోకానికి చూపించాడు. 2018 డిసెంబరులో ఆమె పోయేనాటికి లక్షలాదిమంది ఆ వంట చూశారు. అవ్వ చేయి, మనమడి యంత్రం - యీ పొత్తు ప్రతి యింటా కుదురుతుంది.

యిక యిచ్చేవారికీ, పుచ్చుకొనేవారికీ కొన్ని మర్యాదలున్నవి. అన్నీ చెప్పి ఒక్క దినుసు మాత్రం దాచుకొనే అలవాటు కొందరికి వున్నది. అడిగితే నవ్వుతూ చెబుతారు, యింగువ సంగతి మాత్రం మరచిపోతారు. చెప్పదలచుకోకపోతే చెప్పనని అనడమే మేలు. సగం చెప్పడం అవతలివారి బియ్యం, నూనె, ఒక పూట శ్రమ పాడుచేయడమే. నేర్చుకొన్న పిల్ల మొదటిసారి చేసినది మాడినా, ముద్దయినా పదిమందిలో నవ్వకూడదు. పుచ్చుకొన్నవారి మర్యాద కూడా చెబుతాను. ఎవరైనా మెచ్చుకొన్నప్పుడు "యిది ఫలానా పిన్నిగారు నేర్పిన పులిహోర" అని నోరారా చెప్పాలి. ఆ ఒక్క మాటకు ఖర్చేమీ లేదు. ఆ మాట ఎగవేసినందువల్లనే చాలామంది పెద్దలు నోళ్ళు మూసుకొంటారు.

ఒక సంగతి మాత్రం మరువరాదు. మనలో పచ్చళ్ళు, అప్పడాలు, పిండివంటలు అమ్మి పిల్లలను చదివించుకొనే తల్లులున్నారు. వారి పాళ్ళు వారికి జీవనాధారం. వారిని పట్టుకొని "మీరెందుకు చెప్పరు?" అని నిలదీయడం ధర్మం కాదు. ఉదారత ఒకరి కడుపు కొట్టి మరొకరు అడిగేది కాదు. వారిదగ్గర బేరమాడకుండా కొనడమే మనం చూపవలసిన ఔదార్యం.

యిరుగుపొరుగు ఒడియా సోదరీమణులను కూడా యీ విద్యాదానంలో చేర్చుకోవాలి. మన పెద్దలు చద్దన్నం అన్నదే వారి పఖాళ. మనం పనసపొట్టు కూరకు దించిన తరువాత ఆవపెడతాం, అందుచేత ఘాటు నిలుస్తుంది. వారు "బేసర" అని ఆవముద్ద ఉడికేటప్పుడే వేస్తారు, అందుచేత కమ్మగా వుంటుంది. ఒకే ఆవగింజ, రెండు తోవలు. మన ఉగాది పచ్చడి గిన్నె వారి గుమ్మం దాటితే, ఏప్రిల్ నెలలో వారి సంక్రాంతి పణా గ్లాసు మన గుమ్మంలోకి వస్తుంది.

మగపిల్లలను కూడా కూర్చోబెట్టండి. నలభీమపాకమని పొగిడేటప్పుడు యిద్దరు మగవాళ్ళ పేర్లే చెబుతున్నాము గదా! యిల్లు విడిచి ఎక్కడో ఉద్యోగంలో చేరిన కుర్రవాడికి చారు కాచుకోవడం వస్తే సగం బెంగ తీరుతుంది.

చివరగా ఒక ప్రార్థన. యీ ఏడాది మన సంఘం తరఫున ఒక పెద్ద పుస్తకం తెరుద్దాము. ప్రతి యింటినుంచి ఒక్క వంట చాలు. వంట పేరు, నేర్పినవారి పేరు, వారికి నేర్పినవారి పేరు, తూకాలు, జాగ్రత్తలు - యీ అయిదూ రాయాలి. పెద్దలు చెబుతూవుంటే పిల్లలు రాయాలి. తెలుగు రాని పిల్లలు ఒడియా లిపిలో రాసినా సరే, పక్క పేజీలో మరొకరు తెలుగులోకి ఎక్కిస్తారు. రాయడంతో ఊరుకోకుండా, కొత్తగా కాలనీకి వచ్చిన కోడలినో, ఒంటరి కుర్రవాడినో ఒక్కరినైనా పక్కన నిలబెట్టుకొని ఆ వంట చేయించాలి. వచ్చే ఉగాదినాటికి ఆ పుస్తకం యీ బల్ల మీద వుండాలి. ప్రతి పేజీ అడుగున అప్పగించినవారి సంతకం, పుచ్చుకొన్నవారి సంతకం వుండాలి.

మా ఆఫీసులో రిలీవయ్యే తేదీ ముందే కాగితంలో వస్తుంది. వంటింటిలో ఆ కాగితం రాదు. గనుక పెద్దలు ఆరోగ్యంగా, చేతులు ఆడుతూవుండగానే చార్జి అప్పగించండి. పిన్నలు వినయంతో పుచ్చుకోండి.