నలభై దాటాక లా కాలేజీకి యెందుకు పోయాం?

(దళిత కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగానికి రాత రూపం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. చదువు గొప్పదని మీకు చెప్పడానికి మేం అక్కర్లేదు. కూలికి పోతూ పిల్లల్ని బడికి తోలిన తల్లులు ఈ చాపల మీదే కూర్చుని వున్నారు, వాళ్లకంటే మాకేం తెలుసు. మేం చెప్పేది వేరే సంగతి. ఉద్యోగం వచ్చి, పెళ్లయి, పిల్లలు పదో తరగతికొచ్చి, మాకు కళ్లద్దాలొచ్చాక, బొత్తిగా తెలియని చదువులోకి మళ్లీ యెందుకు దిగాం, దిగి యేం పోగొట్టుకున్నాం అన్న సంగతి.

మేం అంటే ముగ్గురం. ఒకరు లెక్కలు, ఒకరు తెలుగు, ఒకరు జీవశాస్త్రం చెప్తాం. ఒకే మండలంలో ఉద్యోగం. మూడిళ్లలోనూ డిగ్రీ దాకా పోయిన మొదటి మనుషులం మేమే. అందుకని వాడలో యే కాగితం రాయాలన్నా మా దగ్గరికే వచ్చేవాళ్లు. రేషన్ కార్డు, పింఛను, ఇళ్ల స్థలం, చివరికి శుభలేఖలో పేర్ల వరస కూడా మేమే చూసేవాళ్లం. పోలీసు స్టేషను అర్జీ కూడా అలాగే మా చేతికొచ్చింది.

2013లో మా వాడ అక్క ఒకామె కూలి బాకీ అడగడానికి ఒక ఆసామి ఇంటికి పోయింది. ఆయన వాకిట్లో నిలబెట్టి కులం పేరెత్తి నోటికొచ్చినట్టు తిట్టాడు. గేటు తీసే వుంది. యెదురుగా బజారు. బోరింగు దగ్గర బిందెలు పెట్టుకున్న నలుగురు విన్నారు. ఆ రాత్రి ఆమె మా దగ్గరికొచ్చి కూర్చుంది. యేడవలేదు. "రాయండి" అంది. మేం రెండు పేజీల అర్జీ రాశాం. మంచి ఆవేశంగా రాశాం. కారంచేడు రాశాం, చుండూరు రాశాం, రాజ్యాంగంలో అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం రాశాం. జరిగిన సంగతి మాత్రం ఒక్క వాక్యంలో రాశాం: "వారి ఇంట్లో నన్ను కులం పేరుతో దూషించారు." గేటు తీసి వుందని రాయలేదు. బోరింగు కాడ యెవరున్నారో రాయలేదు. ఆయన కులమేదో రాయలేదు, ఊరందరికీ తెలిసిందే గదా అనుకున్నాం.

2018లో కేసు కొట్టేశారు. అప్పటి చట్టంలో ఆ నేరానికి పెట్టిన షరతు, తిట్టింది "జనం కంటికి ఆనే చోట" అయివుండాలని. ఇంట్లో తిట్టాడని మా కాగితమే చెప్తోంది. బోరింగు దగ్గరి సాక్షులు వచ్చి చెప్పారు, కానీ మొదటి ఫిర్యాదులో లేని మనుషులు తర్వాత యెట్లా పుట్టుకొచ్చారని అవతలి వకీలు అడిగాడు. జవాబు లేదు. ఆమె కోర్టు మెట్లు దిగుతూ మా మొహం చూసింది. ఆ చూపు మమ్మల్ని చాన్నాళ్లు నిద్రపోనివ్వలేదు.

దర్యాప్తు సరిగా చేయలేదు గదా, మీ తప్పేముంది అని సంఘంలో అన్నారు. నిజమే, డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలని 1995 నిబంధనలు చెప్తున్నాయి, ఆయన వచ్చి ఆ గేటు ముందు నిలబడి చూసుంటే కేసు వేరేగా వుండేది. అయినా అర్జీ మాది. చేతిరాత ముగ్గురిలో యెవరిదో చెప్పం, ముగ్గురం కూర్చుని రాసిందే. పిల్లలకి జ్యామితి చెప్పేటప్పుడు దత్తాంశం, సారాంశం, ఉపపత్తి అని మూడు భాగాలు రాయిస్తాం. దత్తాంశం వదిలేసిన పిల్లాడికి సున్నా వేస్తాం. ఆ అక్క అర్జీలో మేం దత్తాంశమే వదిలేశాం.

అట్లా 2019లో, లాసెట్ రాసి, జిల్లా కేంద్రంలో సాయంత్రం పూట తరగతులు జరిగే లా కాలేజీలో చేరాం. మూడేళ్ల కోర్సు. మాకు అప్పటికి నలభై అటూ ఇటూ. చేరకముందే ఆఫీసులో అనుమతి కావాలి. అర్జీ పెడితే ఫైలు కదలదు. వెళ్లినప్పుడల్లా అక్కడి పెద్దమనిషి ఒకటే ప్రశ్న: "లెక్కల టీచరుకి లా దేనికమ్మా? దీనివల్ల ప్రమోషనా, ఇంక్రిమెంటా?" రెండూ కాదన్నాం. "మరి దేనికి?" దేనికో చెప్తే ఫైలు యింకా కిందికి పోతుందని తెలిసి, "ఆసక్తి సార్" అని నవ్వి వచ్చాం. అబద్ధం ఆడినందుకు యిప్పుడు చింతిస్తున్నామా అంటే, లేదు.

లా పుస్తకం తెరిచాక అసలు కష్టం తెలిసింది. మేం తెలుగు మీడియం వాళ్లం. జడ్జిమెంటులో ఒక వాక్యం సగం పేజీ వుంటుంది, కర్త మొదట్లో, క్రియ యెక్కడో చివర, మధ్యలో లాటిన్ ముక్కలు. నిఘంటువు పెట్టుకుని మొదటి నెలంతా యెనిమిది పేజీలు చదివాం. పక్క బెంచీలో మా విద్యార్థుల వయసు పిల్లలు "మేడమ్, సార్" అంటూ మాకే నోట్సు యిచ్చేవాళ్లు. ఆస్తి చట్టం పేపర్లో మాలో ఒకరు తప్పారు. ఇరవయ్యేళ్లుగా పిల్లల మార్కులు వేసిన మనిషి, తన మార్కుల లిస్టు ఇంట్లో చూపించడానికి సిగ్గుపడి బీరువాలో దాచారు. తప్పడమంటే యేమిటో మాకు మళ్లీ గుర్తొచ్చింది. ఆ తర్వాత మా తరగతుల్లో తప్పిన పిల్లల్ని మేం మందలించే తీరు మారింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి తరగతులు ఫోన్లోకొచ్చాయి, సిగ్నలు కోసం మేడ మీద కూర్చుని ఆధారాల చట్టం విన్నాం.

ఒక రాత్రి చదువుకుంటుంటే 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి కంటబడింది. స్వరణ్ సింగ్ కేసు. ఇంటి ఆవరణ అయినా సరే, రోడ్డు మీదివాళ్లకి కనిపించే చోటయితే అది జనం కంటికి ఆనే చోటే అని అందులో వుంది. గేటు, బజారు, బోరింగు. అన్నీ మనవే. మేం అర్జీ రాయడానికి అయిదేళ్ల ముందే ఆ తీర్పుంది. అదే సంవత్సరం మన రాష్ట్రం నుంచి పోయిన యింకో కేసుని, నిందితుడు ఎస్సీ ఎస్టీ కాదన్న మాట ఫిర్యాదులో లేదన్న కారణం కూడా చూపి కొట్టేసింది ఆ కోర్టే. అది కూడా మేం రాయని మాటే. 2020లో ఉత్తరాఖండ్ కేసులో, నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనిచోట అన్న మాటలకి ఈ సెక్షన్ వర్తించదని మళ్లీ చెప్పారు. అంటే ఆ అక్క కేసు గట్టిదే. బలహీనంగా వున్నది కాగితం.

ఇంకా వుంది. స్పెషల్ కోర్టు కేసు కొట్టేస్తే 90 రోజుల్లో హైకోర్టుకి అప్పీలు పెట్టుకోవచ్చనీ, నిందితుణ్ణి వదిలేసినప్పుడు ఆ అప్పీలు హక్కు బాధితురాలికే వుందనీ రెండో సంవత్సరంలో చదివాం. అప్పటికి రెండేళ్లు దాటిపోయింది. ఈ మాట ఆమెకి చెప్పాలా వద్దా అని మాలో మాకు వాదన జరిగింది. చివరికి ముగ్గురం పోయి చెప్పాం. ఆమె వింటూ చేటలో బియ్యం యేరుతూనే వుంది. "చెప్పకపోతే బాగుండేది టీచరమ్మా" అంది. దానికి మా దగ్గర యే సెక్షనూ లేదు.

బాబాసాహెబ్ లాయరని మనందరికీ తెలుసు. ఆయన మొదట చదివింది అర్థశాస్త్రమని, మధ్యలో చదువు ఆగిపోయిన మనిషని యెంతమందికి గుర్తు? 1916లో లండన్‌లో గ్రేస్ ఇన్‌లో చేరారు, బరోడా స్కాలర్‌షిప్పు గడువు అయిపోయి 1917లో తిరిగొచ్చేశారు. 1918 నుంచి బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పారు. మనలాగే మాస్టారు. జీతంలో మిగుల్చుకుని, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం తీసుకుని, స్నేహితుడి దగ్గర అప్పు చేసి, 1920లో ఆ ఉద్యోగం వదిలి మళ్లీ పోయారు. 1922లో బారిస్టరు, 1923లో డి.ఎస్సీ. ఆ లా చదువు యెందుకు పనికొచ్చిందో చూడండి. 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగినందుకు, చెరువు మా సొంతమని అగ్రకులాలవాళ్లు కోర్టుకెక్కారు. ప్రతివాదుల్లో ఆయనా ఒకరు. పదేళ్లు నడిచింది. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు చెప్పింది. నీళ్లు తాగడం ఒక్కరోజు పని, తాగిన హక్కు నిలబెట్టడం పదేళ్ల పని. ఆ లండన్ చదువుల ఖర్చు ఇంట్లో మోసింది రమాబాయి, ఆ మాట సభల్లో మనం తక్కువ చెప్పుకుంటాం. మా చదువులు కూడా అత్తగారు వండిపెడితే, భర్త బట్టలుతికితే, ఒకరి భార్య రాత్రిపూట మిషను కుడితే సాగినవే.

"మరిప్పుడు నల్లకోటు వేసుకుంటారా?" అని తమ్ముడెవరో అడిగాడు. వేసుకోం. జీతం తీసుకునే ఉద్యోగి వకీలుగా పనిచేయకూడదని బార్ కౌన్సిల్ నియమం. సన్నదు కావాలంటే ఉద్యోగం వదలాలి, పిల్లల చదువులున్నాయి, యిప్పుడు వదల్లేం. కానీ కోర్టు పని ఒకటే లా కాదు. సగం కేసులు మొదటి కాగితం దగ్గరే ఓడిపోతాయి, ఆ కాగితం దగ్గర మేమున్నాం. ఇప్పుడు మా దగ్గరికి వచ్చినవాళ్లని ముందు తేదీ, వేళ, చోటు అడుగుతాం, యెవరు చూశారు, యెవరు విన్నారు, అన్న మాట అన్నట్టుగా యేమిటి, యిరువైపులా కులం యేది అని రాసుకుంటాం. ఆవేశం ఆఖర్న, చోటుంటే. "ముందు విచారణ చేసి చూస్తాం, తర్వాత కేసు కడతాం" అని ఎస్సై అంటే, అట్రాసిటీ చట్టంలో 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్‌కి ముందు విచారణ అక్కర్లేదని కాగితం చూపిస్తాం. ఎఫ్ఐఆర్ నకలు డబ్బు కట్టకుండా యివ్వాలి, అడిగి తీసుకోండి. లీగల్ సర్వీసెస్ అథారిటీలో ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని యిస్తారు. అక్కడ పారా లీగల్ వాలంటీర్లుగా టీచర్లు, అంగన్‌వాడీ అక్కలు చేరొచ్చు, దానికి డిగ్రీ కూడా అవసరం లేదు.

ఒక నవ్వొచ్చే సంగతి. మేం మూడేళ్లు బట్టీపట్టిన ఐపీసీ, సీఆర్‌పీసీ 2024 జులై 1 నుంచి పోయాయి. ఎఫ్ఐఆర్ 154 సెక్షన్ కాస్తా కొత్త సంహితలో 173 అయింది. మళ్లీ మొదటికొచ్చి చదువుతున్నాం. అట్రాసిటీ చట్టం అదే, కానీ 2016 జనవరి నుంచి అందులోనూ సెక్షన్ల వరస మారింది, పాత పుస్తకం చూసి అర్జీ రాయకండి.

అందరూ లా కే పొమ్మని మేం అనడం లేదు. మాకు తగిలిన దెబ్బ అక్కడ, అందుకని అటు పోయాం. మీ ఊళ్లో అసైన్డు భూమి చేతులు మారిపోతుంటే 1977 చట్టం, అడంగలు, సర్వే నేర్చుకున్న మనిషి కావాలి. 2013 సబ్‌ప్లాన్ చట్టం కింద మన వాటా యెక్కడికి పోతోందో బడ్జెట్ పుస్తకం విప్పి చూడగల మనిషి కావాలి. లెక్కలు తెలిసిన అకౌంటెంటు తమ్ముడెవరైనా ఈ పని యెత్తుకుంటే వాడికి మేం దణ్ణం పెడతాం. చదువు మధ్యలో ఆగినవాళ్లకి 1982లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం వుంది, 1991 నుంచి అది అంబేద్కర్ పేరుతోనే నడుస్తోంది. కాకపోతే ఒక జాగ్రత్త: ఇంటి దగ్గర కూర్చుని దూరవిద్యలో చేసిన లా డిగ్రీ సన్నదుకి పనికిరాదు. ఇంటర్ లేకుండా నేరుగా డిగ్రీ చేసినవాళ్లు లా సీటుకి డబ్బు కట్టకముందే అర్హత సంగతి బార్ కౌన్సిల్లో రాతపూర్వకంగా అడగండి. డబ్బు కట్టాక యేడ్చిన పిల్లల్ని చూశాం.

కిందటేడు ఆ అక్క మళ్లీ వచ్చింది. చెల్లెలి కొడుకు సంగతి. ఈసారి ఆమే చెప్తోంది: "ఫలానా రోజు, పొద్దున తొమ్మిదింటికి, పాలకేంద్రం ముందు, అక్కడ ఆరుగురున్నారు, పేర్లు రాసుకో." మేం రాసుకున్నాం. కేసు యింకా నడుస్తోంది, కోర్టులో వుంది కాబట్టి యింతకంటే చెప్పం.

భోజనాలయ్యాక యిక్కడే కూర్చుంటాం. యెఫ్ఐఆర్ కాగితాలు, అర్జీ నకళ్లు తెచ్చుకున్నవాళ్లు వెనక్కి పోకుండా ముందుకు రండి, ఒక్కొక్కటీ కలిసి చదువుదాం. కళ్లద్దాలు మర్చిపోయినవాళ్లకి మావి యిస్తాం.

జై భీమ్.