గోడ పూతకు ముందే ప్లగ్గుల చోటు
(నాయుడుపేట ప్రాంతపు రైతులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఏ మడికి నీరు ఎటునుండి పారవలెనో నాటుకు ముందే చూచుకొను మీరు, ఇల్లు కట్టునప్పుడు మాత్రము కరెంటు సంగతిని పూర్తిగా పనివానికే విడిచిపెట్టుచున్నారు. అతడు తలుపు ప్రక్కన ఒక బోర్డు బిగించి, దానిలోనే ఒక ప్లగ్గు పెట్టి పోవును. గృహప్రవేశమైన నెలలోపుననే ఆ ప్లగ్గునుండి పొడవాటి తీగ లాగి, గడప దాటించి, గ్రైండరుకో ఫ్రిజ్జుకో తగిలించుట మనము చూచుచునే యున్నాము. కడిగిన నేలమీద, పిల్లలు తొక్కు చోట పడియుండు ఆ తీగ ప్రాణాంతకము. దాని అవసరమే లేకుండ చేసికొనుటకు ఒక పూట శ్రద్ధ చాలును.

గోడలు లేచిన పిమ్మట, పూతకు ముందు, సుద్దముక్క తీసికొని ఇల్లాలితో కలిసి గదులన్నియు తిరగండి. మంచము ఎక్కడ వేయుదురు? సెల్‌ఫోను రాత్రి ఎక్కడ పెట్టుదురు? ఇన్వర్టరు ఎక్కడ నిలుచును? అక్కడక్కడ గుర్తు పెట్టండి. తెరచిన తలుపు వెనుకను, బీరువా నిలుచు చోటను ప్లగ్గు పెట్టుట దండుగ. వంటింటిలో ఆమె మాటయే చెల్లవలెను. అచట పనిచేయునది ఆమెయే గదా! మిక్సీకి, గ్రైండరుకు గట్టుపైన జానెడు ఎత్తున ప్లగ్గు ఉండవలెను. పొయ్యికి సరిగా పైనగాని, కుళాయి నీరు చిందు చోటగాని పనికిరాదు.

ఇంటికి వచ్చు కరెంటు 230 వోల్టులు. 2000 వాట్ల ఇండక్షను పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగును; 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు దానికి తాళజాలదు, వేడెక్కి కాలును. అట్టివానికి, నీళ్ల హీటరుకు 16 ఆంపియర్ల ప్లగ్గు, 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి తీగ వేరుగా వేయించవలెను.

ఇక ప్లగ్గును బిగించు తీరు. ఎదురుగా నిలిచి చూచినపుడు పైనున్న పెద్ద రంధ్రము ఎర్తు. కుడివైపుది ఫేజు, ఎడమవైపుది న్యూట్రలు. ఎర్తు పిన్ను పొడవుగా ఉండుట ఊరక కాదు. అది అన్నిటికన్న ముందు తగిలి, అన్నిటికన్న చివర వీడును. కొందరు దానిని విరిచి రెండు పిన్నులతోనే నెట్టుకొని వచ్చుచున్నారు. ఇనుప ఒళ్లు గల గ్రైండరుకు అంతకన్న అపాయము లేదు. స్విచ్చి ఆపినపుడు కుడి రంధ్రమున టెస్టరు వెలిగినచో స్విచ్చి ఫేజు మీద లేదన్నమాట; వెంటనే సరిచేయించండి. ఎర్తు పనిచేయుచున్నదా లేదా అన్నది మాత్రము టెస్టరు చెప్పదు, మీటరుతో చూపించుకొనవలెను.

మనది స్వర్ణముఖి ఒడ్డు. 2015 నవంబరు వానలు, 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను మీరెరిగినవే. మీ వీధిలో నీరు ఎంత ఎత్తు నిలిచినదో పెద్దలనడిగి, ఆ గుర్తుకు పైన రెండడుగుల ఎత్తున ప్లగ్గులను, మెయిన్ స్విచ్చిని పెట్టించండి. నగరపు ఇండ్లలో వలె నేలకు అడుగు ఎత్తున ప్లగ్గులు పల్లపు ఇండ్లకు చెల్లవు. దీపములకొక లైను, ప్లగ్గులకొక లైను విడిగా ఉన్నచో, నీరు ఇంటిలో జొరబడకముందే ప్లగ్గుల లైను ఆపివేసి దీపములను కొంతసేపు ఉంచుకొనవచ్చును. నీరు చేరిన పిమ్మట అందులో నిలిచి ఏ స్విచ్చినీ ముట్టరాదు.

స్నానాల గదిలో చేతికందు చోట ప్లగ్గు వద్దు. గొడ్ల కొట్టములో అసలు ప్లగ్గే వద్దని నా అభిప్రాయము. తడినేలలో కరెంటు పారినచో మనిషికన్న పశువునకు ముప్పు ఎక్కువ. దాని ముందుకాళ్లకు, వెనుకకాళ్లకు నడుమ దూరము ఎక్కువ గదా. మేత కోయు యంత్రమునకు కావలసినచో కొట్టము వెలుపల, చూరు క్రింద, మూత గల పెట్టెలో పెట్టించండి.

ఇన్ని చేసినను 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు మానరాదు. ఒంటికి కరెంటు తగిలి నేలకు పారినపుడు అది లైను తెంచును. దానిపై గల పరీక్ష బొత్తామును మూడు నెలలకొకసారియైన నొక్కి చూడండి. వేసవిలో ఎర్తు గుంటకు రెండు బిందెల నీళ్లు పోయుట మరువవద్దు.

పూత వేయు ముందురోజు, గోడలలోని పైపులన్నిటిని కొలబద్ద ఆనించి సెల్‌ఫోనుతో ఫొటోలు తీసి ఉంచుకొనండి. రేపు పటము తగిలించుటకు మేకు కొట్టునపుడు తీగ ఎటు పోయినదో అందులో కనబడును.