వాద్యాల గది తాళంచెవి ఎవరి చేతికి?

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల చరిత్రను గురించి మాట్లాడమని ఉత్సవ సంఘం వారు నన్ను ఆదేశించారు. ఆ చరిత్రను నాకంటె అనుభవజ్ఞులు నిన్ననే చక్కగా వివరించారు. సేలం జిల్లాలో పుట్టిన మన బడి, కదలకుండా ఉన్నచోటనే ఉండి, 1965లో ధర్మపురి జిల్లాకూ, 2004లో కృష్ణగిరి జిల్లాకూ చెందినదై పోయిన ముచ్చట విని మీరందరూ నవ్వుకున్నారు. కనుక నేను ఒక్క గదిని గురించి మాత్రమే మనవి చేస్తాను. మెట్ల కింద రేకుల కప్పుతో ఉన్న ఆ చిన్న గదిని పాత విద్యార్థులు 'పాటల గది' అనేవారు.

అందులో 27 వాద్యాలున్నవి. రెండు వీణలు, ఒక తంబుర, ఒక ఫిడేలు, మూడు మృదంగాలు, రెండు హార్మోనియాలు, ఒక ముఖవీణ, కంజీరలు, ఏకతారలు, చెక్కభజన చెక్కలు, తాళాల జతలు. ఇవన్నీ మన పాఠశాలలో సంగీతం నేర్పిన మాస్టారుగారు సేకరించినవి. ఆదివారం వచ్చిందంటే ఆయన సైకిలెక్కి బాగలూరు, శూలగిరి, దెంకణికోట, రాయకోట వైపు పల్లెలకు వెళ్లేవారట. భజన బృందం చెదిరిపోయిన ఊళ్లో అటక మీద పడివున్న మద్దెలో, తిత్తి చిరిగిన హార్మోనియమో కనిపిస్తే ఇంటివారిని అడిగి తెచ్చుకునేవారు. ఆయన కాలం చేసిన తరువాత వారి ధర్మపత్నిగారు అన్నిటినీ ఒక చిన్న లారీలో వేసుకొని వచ్చి బడికి అప్పగించారు. వాటితోపాటు ఒక నోటుపుస్తకం కూడా ఇచ్చారు. ఏ వాద్యం ఏ ఊరిది, ఎవరు వాయించేవారు, ఎప్పుడు ఏ మరమ్మతు జరిగింది అన్నవి అందులో మాస్టారి గుండ్రని తెలుగు అక్షరాలలో ఉన్నవి.

నేను ఆ గదికి మంచి తాళం వేయించి, చెవి నా బల్ల సొరుగులో భద్రపరిచాను. భద్రపరచడమంటే అదేననుకున్నాను. 2020 మార్చిలో బడి మూతపడినది. 2021లో గది తలుపు తీసేసరికి ఒక వీణ మెట్లు సగం పక్కకు జారి ఉన్నవి. రెండవ వీణకు దండి అతుకు దగ్గర చీలిక వచ్చినది. ఒక మృదంగం తోలును ఎలుకలు కొరికినవి. హార్మోనియం తిత్తి మడతలలో పురుగు. ఈ నష్టానికి బాధ్యురాలిని నేనే. నిండు సభలో ఒప్పుకోవడానికి సిగ్గుపడటం లేదు, ఎందుకంటే అది చెప్పకుండా తక్కిన మాట చెప్పలేను.

వీణకు 24 మెట్లుంటాయి. వాటిని మేకులతో కొట్టరు. తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన ముద్దపై నిలబెడతారు. మన హోసూరు చల్లని ఊరని పేరే కాని, వేసవిలో రేకుల కింద ఆ మైనం మెత్తబడదా? మెట్టు గోరంత జరిగినా స్వరం చెడుతుంది. అప్పుడు తెలిసినవారు కూర్చొని, మైనం మళ్లీ పోసి, చెవితో వింటూ మేళం కట్టాలి. చాలాకాలం వాయించకుండా ఉంచదలచుకుంటే తీగలను కొంత వదులు చేయాలి. లేకపోతే ఆ లాగుడుకు కర్ర వంగుతుంది, అతుకు విడుతుంది. మృదంగాన్ని తేమ తగిలే నేలమీద పెట్టకూడదు. హార్మోనియం తిత్తిని అప్పుడప్పుడూ ఆడిస్తూ ఉండాలి. మాస్టారి పుస్తకం చివరి పుటలలో ఇవన్నీ రాసి ఉన్నవి. నేను ఆ పుటల వరకూ చదవలేదు.

తరువాత నేను ఇతరులు ఏమి చేశారో తెలుసుకోవడానికి ప్రయత్నించాను. బెంగాలులో శౌరీంద్రమోహన ఠాకూరు అనే సంగీతవేత్త 1876లో సుమారు వంద భారతీయ వాద్యాలను బెల్జియం రాజుకు కానుకగా పంపారు. మరుసటి ఏడు బ్రస్సెల్సులో ఏర్పడిన వాద్య ప్రదర్శనశాలకు అవి పునాది అయినవి. భద్రత సంగతి మనం అటువంటివారి దగ్గర నేర్చుకోవలసిందే. కాని ఆ తీగలను శ్రుతి చేయడం పుట్టుకనుంచి విన్న చెవులు అక్కడ ఎన్ని ఉంటాయి?

పుణె నగరంలో దినకర కేల్కర్‌గారు, బాల్యంలోనే పోయిన తమ కుమారుడు రాజా పేరు నిలపడానికి, దీపాలు, పాత్రలు, వాద్యాలు, ఇంకా వేలాది వస్తువులు సేకరించారు. 1975లో ఆ సంపదనంతా మహారాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించారు. ఆయన 1990 వరకు జీవించారు. అంటే అప్పగించిన తరువాత కూడా పదిహేనేళ్లు, 'ఇది ఏమిటండీ' అని అడిగితే చెప్పడానికి మనిషి ఉన్నాడు. మాకు ఆ భాగ్యం లేకపోయింది. మాస్టారు ఉన్నప్పుడు మేము అడగలేదు.

మన తెలుగువారిలో ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు దశాబ్దాలపాటు గిరిజన, జానపద వాద్యాలను ఊరూరా తిరిగి సేకరించారు. 'ఆద్యకళ' పేరిట ఉన్న ఆ సేకరణకు శాశ్వతమైన నెలవు కావాలని ఆయన పలుమార్లు కోరుతూ వచ్చారు. అంతటి పండితునికే అంత ప్రయాస అయితే మన బడి ఎంత! పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యగారికి 2022లోను, బుర్రవీణ వాయించే దాసరి కొండప్పగారికి 2024లోను పద్మశ్రీ ప్రకటించినప్పుడు మనమందరం సంతోషించాము. నాకు మాత్రం ఆ సంతోషం వెనుక ఒక దిగులు కలిగింది. వాద్యం ఒక్కటే మిగలడం ఒక కష్టం. వాయించేవారు ఒక్కరే మిగలడం ఇంకొక కష్టం.

మన వాద్యాలను చెన్నై మ్యూజియానికి ఇచ్చివేయండి అని కొందరు హితవు చెప్పారు. బెంగళూరు నుంచి పాత వస్తువుల వ్యాపారి ఒకాయన వచ్చి, చీలిన వీణను డ్రాయింగు రూములో అలంకారానికి అడిగాడు. మరొక పెద్దలు అద్దాల బీరువా కొనిస్తామన్నారు. వారి ఔదార్యానికి కృతజ్ఞురాలిని. అయితే బీరువా తీగలను వదులు చేయదు కదా! ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఆ నోటుపుస్తకం తెలుగులో ఉన్నది. 2006 నాటి చట్టం తరువాత మన పిల్లలు తమిళం తప్పక నేర్చుకుంటున్నారు. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే, అందులో నాకు భేదాభిప్రాయం లేదు. కాని తెలుగు చదవగల పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. పుస్తకం చదవలేనివారి చేతిలో ఈ 27 వాద్యాలూ పేరూ ఊరూ లేని కర్రలూ తోళ్లూ అవుతాయి.

అందువల్ల మేము ఒక మనిషిని వెదికాము. రెండేళ్లు పట్టింది. సంగీత కళాశాలలో చదివిన ఒకరు వచ్చి, జీతం మాట దగ్గర ఆగిపోయారు, వారిని తప్పుపట్టను. చివరకు దొరికినవాడు మన పూర్వ విద్యార్థే. హోసూరులో ఒక కర్మాగారంలో పని, శనివారం రాత్రి ఊళ్లో రామభజనకు మృదంగం. గదిలోకి రాగానే అతడు ఏ వాద్యాన్నీ పొగడలేదు. ఫిడేలు పెట్టె తెరిచి వాసన చూసి, "తేమ ఉందమ్మా" అన్నాడు. తరువాత నేల మీద కూర్చొని, ఒక్కొక్క తీగా వదులు చేసుకుంటూ పోయాడు. బడి గంట కొట్టినా లేవలేదు.

అతడు రెండు షరతులు పెట్టాడు. తాళంచెవులు రెండు ఉండాలి, రెండవది ఎప్పుడూ ఒక విద్యార్థి చేతిలో ఉండాలి. పనికివచ్చే వాద్యాలు గదిలో ఉండకూడదు. 1940 నుంచి మూడు దశాబ్దాలపాటు ఆకాశవాణి హార్మోనియాన్ని దూరం పెట్టినా, మన భజన మందిరాలు దానిని విడిచిపెట్టలేదు. అది బతికింది వాయించినచోటనే అని అతని వాదం. నాకు మొదట భయం వేసింది. కాని కాదనలేకపోయాను. ఇప్పుడు ఒక హార్మోనియం, రెండు మృదంగాలు, తాళాలు మూడు ఊళ్ల భజన మందిరాలలో ఉన్నవి. తీసుకున్నవారు పుస్తకంలో సంతకం చేశారు. ప్రతి సంవత్సరం సరస్వతీ పూజకు వాటిని బడికి తెచ్చి చూపాలి. మొదటి సంవత్సరం ఒక మందిరం వారు తేలేదు. మనిషిని పంపి తెప్పించాము. రెండవ సంవత్సరం వారే ముందు వచ్చారు.

ఆ అబ్బాయికి గౌరవ వేతనంగా పూర్వ విద్యార్థుల సంఘం ఇచ్చేది చాలా స్వల్పం. "నన్ను వేరే ఊరికి పంపితే ఏం చేస్తారమ్మా?" అని అతడే అడిగాడు. నా దగ్గర ఇంకా పూర్తి సమాధానం లేదు. తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె శనివారాలు అతని పక్కన కూర్చొని మేళం కట్టడం నేర్చుకుంటున్నది. రెండవ తాళంచెవి ఆమె దగ్గరే ఉన్నది. మాస్టారి పుస్తకాన్ని కూడా ఆమె, ఆమె స్నేహితురాళ్లు కలిసి శుభ్రప్రతి రాస్తున్నారు.

రాస్తూండగా తేలినదేమంటే, నాలుగు వాద్యాల ఎదుట ఊరిపేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉన్నది. ముఖవీణ, ఒక ఏకతార, చిన్న కంజీర, ఎర్ర గుడ్డ చుట్టిన ఒక చెక్కల జత. ఈ సభలో డెబ్బై దాటిన పెద్దలు చాలామంది ఉన్నారు. ఆ నాలుగింటినీ ఆరవ తరగతి గదిలో బల్లమీద పెట్టించాను, పక్కనే పుస్తకమూ కలమూ ఉన్నవి. భోజనాలకు లేచే ముందు దయచేసి ఒక్కసారి చూసి వెళ్లండి.