నర్సు అడుగు ప్రశ్న



విశాఖపట్టణమున ఆంధ్ర వైద్య కళాశాల 1923లో ఆరంభమైనది. దానికి అనుబంధమైన కింగ్ జార్జి ఆసుపత్రికి రేవు కూలీయు, ఉక్కు కార్మికుడును, పల్లె రైతును వచ్చుచుందురు. సూదిమందు వేయుటకు ముందు నర్సు, “ఇదివరలో ఏ మందైనను పడకపోయినదా?” అని అడుగును. అది చాదస్తము కాదు. ప్రాణదాతయగు పెన్సిలినే కొందరికి ప్రాణాంతకము కావచ్చును. ఈ విపరీతమునకు 1902లో పోర్టియే, రిషే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు అనాఫిలాక్సిస్ అని పేరిడిరి. దద్దురులు, పెదవుల వాపు, ఆయాసము, సొమ్మసిల్లుట దీని గుర్తులు. అప్పుడు తొడ కండరమున అడ్రినలిన్ వెంటనే ఎక్కింపవలెను. జాగు ప్రాణము తీయును.

శరీరతత్త్వమును మార్చుట ఎవరితరము కాదు. పడని మందు పేరు చీటిపై వ్రాసి వెంట ఉంచుకొనుట, అడుగకమునుపే చెప్పుట అందరికిని సాధ్యము. గ్రంథాలయము నేర్పిన అక్షరము ఆ ఒక్క చీటి వ్రాయించినను ధన్యమే.