బ్యాటరీలో నిలువ యెంత?



కరెంటు రాకమునుపు పల్లెలలో రేడియో పలుకవలెనన్న బ్యాటరీయే దిక్కు. అది యెప్పుడు మూగవోవునో యెవ్వరికిని ముందుగా తెలిసెడిది కాదు. పాట నడుమ గొంతు సన్నగిల్లిన పిమ్మటనే “అయిపోయినది” అని యెరిగెడివారు. ఆ దినములు గడచినవి. ఐనను బ్యాటరీ మనలను విడువలేదు. ట్రాక్టరులో నున్నది, ఇన్వర్టరుతో కూడ ఇంటి మూలను చేరినది, సౌరదీపము క్రింద దాగియున్నది. దానిలో నిలువ యెంత యన్న ప్రశ్నయు మునుపటివలెనే మనయెదుట నిలిచియున్నది. నేడు ఆ విషయమునే ముచ్చటించెదను. దానికి దృష్టాంతముగ దూరదేశపు చిన్న బండి నొకదానిని గైకొందును.

అమెరికా దేశమున కారు వెనుక తగిలించి లాగుకొనిపోవు చిన్న ఇండ్లవంటి బండ్లు కలవు. వానిని ట్రెయిలరు లందురు. 1930 ప్రాంతమునుండియు అవి అచ్చట వాడుకలో నున్నవి. ఇద్దరు పడుకొనుటకు మాత్రమే చాలు కన్నీటిబొట్టు ఆకారపు బండ్లును ఆ కాలముననే పుట్టినవి. సెలవుదినములలో జనులు కొండలకును, సరస్సులకును వానిని తీసికొనిపోయి రాత్రులు వానియందే నిదురింతురు. దీపములు, నీటి పంపు, చిన్న ఫ్రిజ్జు, చలి కాచు గ్యాసుపొయ్యి వేడిగాలిని విసరు ఫ్యాను, ఇవి యన్నియు ఒక్క 12 వోల్టుల బ్యాటరీపై నడచును. ఆ దేశమున స్థిరపడిన మన తెలుగు బిడ్డలును ఈ యలవాటును నేర్చిరి. చూడబోయిన తల్లిదండ్రులనుగూడ వెంటబెట్టుకొని పోవుచున్నారు.

అటులే మేమును పోయితిమి. కొలరాడో రాష్ట్రపు కొండలలో, శరత్కాలమున, చీకటిపడు వేళకు ఒక విడిదిస్థలము చేరితిమి. నా భార్యకు నిద్రలో ఊపిరి నిలిచి నిలిచి సాగు జబ్బు కలదు. రాత్రులందు ముఖమునకు తొడుగు వేసి గాలి నందించు చిన్న యంత్రము నుంచవలెను. మా యల్లుడు వెరచుచునే, “మామయ్యగారూ, కరెంటు ఉన్న చోటు తీసికొందమా?” అని యడిగెను. బండిగోడపై బ్యాటరీ నిలువను చూపు నాలుగు చిన్న దీపములు కలవు. నేను మీట నొక్కితిని. నాలుగును వెలిగినవి. “నిండుగా నున్నది, అనవసరముగ పైకమేల?” అంటిని.

తెల్లవారుజామున నాలుగుగంటల వేళ వేడిగాలి నిలిచినది. వెనువెంటనే ఆ యంత్రమును నిలిచినది. ఆమె ఉక్కిరిబిక్కిరియై లేచినది. ఆమెను కారులోనికి చేర్చి, ఇంజను నడిపి వెచ్చదన మిచ్చితిమి. ఆమె కూర్చుండియే తెల్లవార్చినది. దైవకృపచే అపాయము కలుగలేదు. ఆమె నన్నొక్క మాటయు అనలేదు. అనకుండుటయే నాకెక్కువ బాధ కలిగించినది. ఆ నాలుగు దీపములు నాతో నేల అబద్ధమాడినవో తెలిసికొనుటకై పిమ్మట కొంత శ్రమపడితిని. ఆ తెలిసిన దానినే మీకు చెప్పుచున్నాను.

సీసపు బ్యాటరీని ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టెను. గంధకామ్లము కలిసిన నీటిలో సీసపు పలకలుండును. విద్యుత్తును వాడుకొనుకొలది ఆమ్లము పలకలలోనికి చేరును, మిగిలిన ద్రవము పలుచనై నీటికి దగ్గరగును. మరల నింపినప్పుడు ఆమ్లము పలకలను విడిచి ద్రవములోనికి వచ్చును. 12 వోల్టుల బ్యాటరీలో ఇట్టి గదు లారు కలవు, గదికి సుమారు 2.1 వోల్టులు. ఇంతమాత్రము గ్రహించినచో నిలువను కొలుచు మార్గములు మూడును సుబోధకము లగును.

మొదటిది ద్రవము చిక్కదనమును చూచుట. పాలకేంద్రమున పాలలో నీరు కలిసినదో లేదో లాక్టోమీటరు ముంచి చూతురు గదా. దానికి సోదరమే హైడ్రోమీటరు. ఒక్కొక్క గదినుండి ద్రవమును పీల్చి చూడగా, నిండు బ్యాటరీలో సుమారు 1.265, సగము తరిగినదానిలో 1.190, పూర్తిగా నుడిగినదానిలో 1.120 చూపును. ఉష్ణదేశములకై చేయు కొన్ని బ్యాటరీలకు నిండు గుర్తు 1.240 మాత్రమే యుండును. కావున కొనునపుడే అంగడివానిని అడిగి వ్రాసికొనవలెను. అయిదు గదులు సరిగానుండి ఆరవది మిక్కిలి తక్కువ చూపినచో జబ్బు ఆ గదిలోనే యున్నదని తెలియును. ఈ మేలు మరి యే సాధనమునకును లేదు. ఐతే మూతలు తీయ వీలులేని బ్యాటరీలకు ఇది పనికిరాదు.

రెండవది వోల్టుమీటరు. ఇదియే నన్ను మోసగించినది, కావున దీనిని కొంత వివరముగ చెప్పెదను. నూతినుండి తోడుచుండగా నీటిమట్టము తగ్గును. తోడుట మానినచో ఊట ఊరి మట్టము మరల పైకి వచ్చును. పైనుండి వాన నీరు పడుచున్నపుడు చూచినచో మట్టము లేని గొప్పను చూపును. అసలు మట్టము తెలియవలెనన్న తోడుటయు, పోయుటయు మాని కొంతసేపు ఓపికపట్టవలెను. బ్యాటరీయు నంతియే. ఫ్యాను తిరుగుచుండగా కొలిచిన వోల్టులు తక్కువ చూపును. నింపుచుండగా గాని, నింపిన వెంటనే గాని కొలిచినచో ఎక్కువ చూపును. ఏ వాడకమును, ఏ నింపుటయు లేక కొన్ని గంటలు విశ్రమించిన పిమ్మట 12.6 కు పైనున్నచో నిండు, 12.4 ముప్పాతిక, 12.2 సగము, 12.0 పాతిక అని స్థూలముగ చెప్పవచ్చును. నిండునకును సగమునకును భేదము నాలుగు దశాంశములే యని గమనింపుడు. ఇంత సన్నని భేదమును నాలుగు దీపములు సరిగా చూపజాలునా? ఆనాడు మా కారు దారిపొడవునను ఆ బ్యాటరీలోనికి విద్యుత్తు పంపుచునే యుండెను. కారు విడదీసిన వెంటనే నేను మీట నొక్కితిని. వాన కురియుచుండగా నూతిని కొలిచి నిండినదని సంతసించితిని!

మూడవది జమాఖర్చుల లెక్క. బ్యాటరీ ఋణధ్రువమునకు, అనగా మైనసు కొసకు, షంటు అను లోహపు ముక్కను తగిలింతురు. దానిగుండా పోవు విద్యుత్తు ననుసరించి దాని రెండు కొనల నడుమ అతిస్వల్పమైన వోల్టు భేదము కలుగును. వాడుకలోనున్న ఒక రకమునందు 500 ఆంపియర్లకు 50 మిల్లీవోల్టులు. ఆ భేదమును చదివి ఒక చిన్న యంత్రము, లోనికి వచ్చినదానిని జమగను, వెలికి పోయినదానిని ఖర్చుగను, కరణము చిట్టా వ్రాసినట్లు క్షణక్షణమును వ్రాయుచు, నిలువ నూటికింతయని చూపును. ఒక ఆంపియరు ఒక గంట ప్రవహించినచో ఒక ఆంపియరు-గంట. బ్యాటరీపై 100 అని వ్రాసియుండుట ఈ కొలతనే తెలుపును.

ఈ లెక్క మేలైనదే. ఐతే చిట్టాకుండు దోషములు దీనికిని కలవు. గాదెకు ముందు వాకిట కావలి యుంచి వెనుక వాకిలి తెరచినచో లెక్క నిలుచునా? మైనసు తీగ లన్నియు షంటుకు ఆవలికొసనే కలుపవలెను. ఒక్కతీగ నేరుగా బ్యాటరీకి తగిలినను దాని ఖర్చు చిట్టా కెక్కదు. మరియు జమయైన దంతయు తిరిగి రాదు. సీసపు బ్యాటరీలో కొంత తరుగు తప్పదు. త్వరగా లాగినచో మొత్తము రాబడియే తగ్గునని జర్మను శాస్త్రజ్ఞుడు పాయికెర్టు 1897లోనే సూత్రముగ చెప్పెను. ఈ చిన్న తప్పులు దినదినమును పేరుకొనును. కావున ఏటేట జమాబంది జరిగినట్లు, అప్పుడప్పుడు బ్యాటరీని పూర్తిగా నింపి లెక్కను మరల నూటి నుండి మొదలిడవలెను. గాదెయే కాలక్రమమున కుంచించుకొనిపోవును గావున, పాత బ్యాటరీకి క్రొత్తదాని కొలత వ్రాసియుంచరాదు.

ఇప్పుడు లిథియం బ్యాటరీలు వచ్చినవి. ఆ బండ్లలో వాడు రకము లిథియం ఇనుప ఫాస్ఫేటు. దానికి వోల్టుమీటరు దాదాపుగా నిరుపయోగము. నిలువ చాలవరకు తరుగువరకును వోల్టులు ఇంచుమించు ఒకే తీరుననుండి, తుదియందు ఒక్కుమ్మడిగ పడిపోవును. దానికి జమాఖర్చుల లెక్కయే శరణ్యము. నీరు గడ్డకట్టు చలిలో దానిని నింపరాదనియు తెలిసికొనవలెను.

ఆ రాత్రి లెక్కను పిమ్మట మా యల్లుడును నేనును కాగితముపై వేసితిమి. ఊపిరియంత్రము 3 ఆంపియర్లచొప్పున 8 గంటలకు 24. వేడిగాలి ఫ్యాను 4 చొప్పున, ఆగి ఆగి తిరిగిన 4 గంటలకు 16. ఫ్రిజ్జు 4 చొప్పున 3 గంటలకు 12. దీపములు, పంపు కలిసి 4. మొత్తము 56 ఆంపియరు-గంటలు. బ్యాటరీపై 100 అని యున్నది గదా, చాలదాయని తోచును. కాని అది పాతబడి పాతిక భాగము కోల్పోయెననుకొన్నచో 75. చలికి అందులో సుమారు ఐదవవంతు తగ్గగా 60. అదియైనను ముప్పాతికయే నిండెననుకొన్నచో 45. తెల్లవారువరకు 56 కావలెను, అడుగంట తోడినను 45 మాత్రమే కలదు. పది నిమిషములలో వేయగల లెక్క! దానిని సాయంకాలము వేసియున్నచో ఆమెకు ఆ బాధ లేకుండెడిది.

అడుగంట తోడుటవలన మరియొక నష్టము కలదు. సీసపు బ్యాటరీని సగమునకు మించి తరుగనీయకుండుట మంచిది. ఉడిగినదానిని అటులే దినముల తరబడి వదలినచో పలకలపై సీసపు గంధకితము గట్టిపడి, మరల ఎంత నింపినను కరుగదు. చలిదేశములలో మరియొక అపాయము. నిండు బ్యాటరీ మిక్కిలి చలినైనను ఓర్చుకొనును. ఉడిగినదానిలో నీటిపాలు ఎక్కువగుటచే, సున్న క్రింద సుమారు పది డిగ్రీలకే గడ్డకట్టి పెట్టె పగులవచ్చును.

ఇక మన యిండ్ల సంగతి. మనకు ఆ చలి లేదు, కాని ఎండ కలదు. ఎండకు బ్యాటరీలో నీరు త్వరగా తరుగును. కావున ఇన్వర్టరు బ్యాటరీ గదులలో నీటిమట్టమును తరచు చూచి, తగ్గినచో స్వేదనజలమును, అనగా డిస్టిల్డు నీటినే, పోయవలెను. నూతినీరు కూడదు, ఆమ్లము అసలే కూడదు. నింపునపుడు హైడ్రోజను వాయువు వెలువడును. అది నిప్పు తగిలిన పేలును. కావున దాని దగ్గర అగ్గిపుల్ల గీయరాదు, బీడీ వెలిగింపరాదు, గాలి యాడనిచోట దానిని ఉంచరాదు. మూత తీయువారు ఉంగరములు, కంకణములు తీసివేసి, కండ్లకు అద్దములు పెట్టుకొనవలెను. ఆమ్లము చర్మముపై బడినచో వెంటనే విస్తారముగ నీటితో కడుగవలెను. కంట బడినచో చాలసేపు కడిగి, జాగు చేయక వైద్యునికడకు తీసికొనిపోవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి మిగిలియున్నది. మీ యింట రోగి యొకరు కరెంటుతో నడచు యంత్రముపై ఆధారపడియున్నచో, కరెంటు పోయిన పిమ్మట బ్యాటరీ ఎన్ని గంటలు మోయునో ముందుగనే తెలిసికొనుడు. అందులకు శాస్త్రజ్ఞానము కూడ అక్కరలేదు. బ్యాటరీ నిండియుండగా, రోగికి ఆ యంత్రముతో పనిలేని పగటివేళ, దానిని బ్యాటరీపై నడిపి గడియారము చూడుడు. సగము నిలువకు వచ్చుసరికి ఎన్ని గంటలు గడచినవో గోడపై వ్రాసియుంచుడు. ఆరు నెలల కొకమారు మరల చూడుడు. ఆ సంఖ్య తగ్గుచున్నచో బ్యాటరీ ముసలిదగుచున్నదని గ్రహింపుడు.

ధాన్యము కొలువక గాదె నిండినదని చెప్పు రైతు మనలో లేడు. కంటికి గాదెకంటె మిక్కిలి మరుగైన ఈ పెట్టెను మాత్రము, దీపము వెలిగినదిగదా యని నమ్ముచున్నాము. నేను నమ్మితిని. ఇప్పుడు మా యింట రాత్రి భోజనమైన పిమ్మట ఒక చిన్న పుస్తకములో రెండు సంఖ్యలు వ్రాయుదును. నా భార్య నిద్రకు పోవునపుడు, “ఈనాడు నిలువ యెంత?” అని నవ్వుచు నడుగును. చెప్పిన తరువాతనే నేను దీపమార్పుదును.